ఎలిషా కూర్చునే చోటు

ఏడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక టేసీ పెన్‌రోజ్ చీపురూ బకెట్టూ పట్టుకుని సభామందిరానికి వెళ్తుంది. ఏడో రోజంటే శనివారమే. రోజులకీ నెలలకీ దేవుళ్ళ పేర్లు పెట్టి పిలవడం స్నేహితుల సంఘం అనే మా మతశాఖలో లేదు, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటాం. అలాగే మా దగ్గర 'మీరు' అనే మాటా లేదు. గవర్నరొచ్చినా నువ్వే, బళ్ళు తోలేవాడొచ్చినా నువ్వే. బయటివాళ్ళకి మేం పొగరుబోతుల్లా కనిపిస్తాం. కనిపిస్తే కనిపించాం.

మందిరం అంటే పెద్దగా ఏమీ లేదు. బొమ్మల్లేవు, పాటల్లేవు, ఉపదేశం చెప్పే మనిషి లేడు. బల్లలు, కిటికీలు, ఒక ఇనప పొయ్యి. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, మధ్యలో జరిపే చెక్కతలుపులు. మొదటి రోజు, అంటే ఆదివారం, పొద్దున అందరం వచ్చి నోరుమూసుకుని కూర్చుంటాం. ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే లేచి చెప్తారు. రాకపోతే రెండు గంటలు అలాగే కూర్చుని ఇళ్ళకి పోతాం.

టేసీ ఆడవాళ్ళ వైపు ఊడ్చేసి, తలుపులు జరిపి మగవాళ్ళ వైపు వెళ్తుంది. అక్కడ మూడో బల్ల మీద, కిటికీ పక్కన, ఎలిషా వార్నర్ కూర్చునే చోటు ఉంది. ఎలిషా ఒహాయో వెళ్ళిపోయి మూడేళ్ళయింది. టేసీ చీపురు గోడకానించి, చెయ్యి తుడుచుకుని, ఆ చోట అరచెయ్యి పెడుతుంది. ఎప్పుడు పెట్టినా వెచ్చగా ఉంటుంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

మా ఊళ్ళో అదేం వింత కాదు. కొండలవతల కొత్త నేలకి ఎవరు వెళ్ళినా వాళ్ళ చోటు అలా వెచ్చగానే ఉండిపోతుంది. వెళ్ళేవాళ్ళకి మా సభ ఒక సాగనంపు పత్రం రాసిస్తుంది. ఫలానా మనిషి నడవడి మంచిది, పెళ్ళి విషయంలో ఎవరికీ కట్టుబడి లేడు, మీలో ఒకడిగా చేర్చుకోండి అని. ఆ పత్రం అక్కడి సభలో ఇచ్చి, వాళ్ళు చదివి ఒప్పుకున్న పూట ఇక్కడ బల్ల చల్లబడుతుంది. దారిలో ప్రాణం పోయినవాళ్ళ చోటు మాత్రం చల్లబడి, మూడు వారాలు చెమ్మగిల్లుతుంది. సుసానా పెద్దకొడుకు నది దాటుతూ కొట్టుకుపోయిన సంగతి ఉత్తరం కంటే నెల ముందే మాకు తెలిసింది. ఆ తల్లి గుడ్డపెట్టి తుడుస్తూనే ఉంది, బల్ల తడుస్తూనే ఉంది.

వెచ్చటి చోట ఎవరం కూర్చోం. ఒకసారి పొరుగూరి నుంచి వచ్చిన పెద్దమనిషొకడు, మంచి భారీ విగ్రహం, తెలియక, అంతకుముందే కొండలవతలికి వెళ్ళిన నేథన్ చోట కూలబడ్డాడు. రెండు నెలలకి ఒహాయో నుంచి నేథన్ ఉత్తరం వచ్చింది. "ఫలానా మొదటి రోజు సభలో ఎవరో నా ఒళ్ళో గోధుమ బస్తాలు పేర్చినట్టయి రెండు గంటలు లేవలేకపోయాను. పొగాకు వాసన కూడా వేసింది. ఎవడతను?" అని. అప్పట్నుంచి పరాయివాళ్ళెవరొచ్చినా ముందే చెప్పేస్తాం.

మామూలుగా ఆరు నెలల్లో బల్ల చల్లబడిపోతుంది. ఎలిషాది మూడేళ్ళయినా చల్లబడలేదు.

"ఏమే పిల్లా, ఇంకా ఉందా?" అంటూ ఆ రోజు ఈనాక్ లోపలికొచ్చాడు. ఈనాక్ గడియారాలు బాగుచేసే ముసలాయన. తుంటి నొప్పి. సభలో ఎలిషా చోటు పక్కనే కూర్చుని, ఆ వెచ్చదనం తుంటికి తగిలేలా జరుగుతాడు.

"ఉంది," అంది టేసీ.

"అమ్మయ్య. ఈ చలికాలం గడిచిపోతే చాలు. ఆ కుర్రాడు పత్రం ఎప్పటికీ ఇవ్వకూడదనే కోరుకుంటున్నాను, పాపమో ఏమో."

"నీ తుంటి కోసం అతను అక్కడ పరాయివాడిలా బతకాలా?"

"నా తుంటి సంగతి సరే. నువ్వు మూడేళ్ళుగా ఈ ఒక్క బల్లనే రెండుసార్లు ఎందుకు తుడుస్తున్నావో అది చెప్పు."

టేసీ మొహం కందిపోయింది. "మురికిగా ఉంటే తుడవనా?" అని బకెట్టు పట్టుకుని బయటికి పోయింది.

టేసీ అన్న మహ్లన్‌ది వాగు ఒడ్డున దుకాణం. మేకులు, ఉప్పు, గుడ్డలు, గొడ్డళ్ళు బళ్ళకెత్తించి కొండలవతలికి పంపుతాడు. అక్కణ్ణుంచి జింక తోళ్ళు, తేనెమైనం, మేపుల్ చెట్ల రసం కాచి చేసే చక్కెర అచ్చులు వస్తాయి. బానిసల చేత చేయించిన పంచదారని మా ఇళ్ళల్లోకి రానివ్వం కాబట్టి ఆ అచ్చులకి మంచి గిరాకీ. అక్కడ మహ్లన్ తరఫున కొనేదీ అమ్మేదీ ఎలిషాయే. వెళ్ళకముందు ఐదేళ్ళు ఇదే దుకాణంలో పనిచేశాడు. టేసీ జాబితా చదివేది, అతను పీపాలు సరిచూసేవాడు. జాబితా అయిపోయాక కూడా ఇద్దరూ కాసేపు అలాగే నిలబడిపోయేవాళ్ళు. ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు. మౌనం మాకు అలవాటే. కానీ ఆ మౌనం ప్రార్థన కాదని వాళ్ళిద్దరికీ తెలుసు.

ఎలిషా ప్రయాణానికి ముందు అతని పత్రం సభలో చదివిన రోజు నాకు బాగా గుర్తు. మధ్య తలుపులు తెరిచి ఇరువైపులా వినేలా చదివారు. "పెళ్ళి విషయంలో ఎవరికీ కట్టుబడి లేడు. ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని లేఖరి అడిగాడు. మా దగ్గర చేతులెత్తించడాలు లేవు. ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. అతనేమైనా అంటాడేమోనని టేసీ చూసింది. ఆమె ఏమైనా అంటుందేమోనని అతను చూశాడు. మాట లోపల్నుంచి దానంతటదే రావాలి కదా అని ఇద్దరూ ఎదురుచూశారు. రాలేదు. లేఖరి కాగితం మీద ఇసక చల్లి సిరా ఆర్చేశాడు. ఇలాంటి తప్పు చేయాలంటే మాలాంటివాళ్ళే చేయాలి!

ఆ తర్వాత అతని ఉత్తరాలన్నీ మహ్లన్‌కే. పెద్ద మేకులు చాలా మిగిలాయి, చిన్నవి పంపు. మంచు వల్ల బళ్ళు ఆగాయి. కొత్తగా పదకొండు కుటుంబాలు దిగాయి, పలుగులు కావాలి. పత్రం ఇంకా ఎందుకివ్వలేదని మహ్లన్ అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు. "భద్రంగా ఉంది. ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదు." టేసీ ప్రతి ఉత్తరమూ రెండుసార్లు చదివేది. ఒకసారి దుకాణం కోసం, ఒకసారి తనకోసం. రెండోసారి కూడా మేకులే ఉండేవి.

ఆ ఏడు పదో నెలలో రూబెన్ టేసీని పెళ్ళికి అడిగాడు. రూబెన్‌కి పిండి మిల్లు ఉంది, భార్య పోయింది, ఇద్దరు ఆడపిల్లలు. మాట మెత్తన, మనిషి నిజాయితీపరుడు. టేసీకి ముప్పై రెండు. నెల రోజులు ఆలోచించి ఒప్పుకుంది. రూబెన్‌లో వంక పెట్టడానికేమీ లేదు, వేరే కారణం చెప్పడానికి ఆమె దగ్గరా ఏమీ లేదు, ఒక వెచ్చటి బల్ల తప్ప. మూడో నెల ఆఖరి ఐదో రోజు, గురువారం నాడు, జరిగే నెలసభలో ఇద్దరూ లేచి నిలబడి మా ఉద్దేశం ఇదీ అని చెప్పాలనుకున్నారు.

పన్నెండో నెలలో మహ్లన్ ఎలిషాకి ఉత్తరం రాశాడు. దుకాణం నుంచి వెళ్ళే ప్రతి ఉత్తరాన్నీ పెద్ద పుస్తకంలోకి ఎక్కించేది టేసీయే. ఆ రోజూ కూర్చుని ఎక్కించింది.

"ఎలిషా, అక్కడి సభలో చేరనివాడి చేతికి సరుకు అప్పగించడానికి ఊరివాళ్ళు వెనకాడుతున్నారు. ఇక్కడ మన పెద్దలకీ ఓపిక అయిపోయింది. మూడో నెల నెలసభలోపు పత్రం ఇవ్వకపోతే నీ పేరు కొట్టేస్తామంటున్నారు. చిన్న మేకులు పంపుతున్నాను. నా చెల్లెలు టేసీ మిల్లు రూబెన్‌ని చేసుకోబోతోంది."

మేకుల తర్వాతి వాక్యం. టేసీ దాన్ని కూడా మిగతా వాక్యాల్లాగే గుండ్రంగా రాసింది. ఒక్క మరక పడలేదు. అది చూసుకుని ఆమెకి ఏడుపొచ్చింది.

జవాబు మూడో నెల రెండో వారంలో వచ్చింది, ఒక మేపుల్ చక్కెర అచ్చుతో పాటు. మహ్లన్ నిలబడే పైకి చదివాడు.

"మిత్రుడు మహ్లన్‌కి. చిన్న మేకులు అందాయి. పత్రంలో ఒక మాట నిజం కాదు. నిజం కానిదాన్ని నా చేత్తో ఇవ్వలేక ఇన్నాళ్ళూ ఆగాను. నీ ఉత్తరం చూశాక ఆ మాట నిజమైపోయింది. కాబట్టి మూడో నెల ఆఖరి ఐదో రోజు మా నెలసభలో ఇచ్చేస్తాను. టేసీ సుఖంగా ఉండాలి."

"ఏం మాట నిజం కాదంటాడు?" మహ్లన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "నడవడి మంచిదని రాశాం, మంచిదే కదా? వీడికి చాదస్తం ముదిరింది."

టేసీ చక్కెర అచ్చు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అన్నయ్యా, ఇవాళ ఉత్తరం రాస్తే ఎప్పటికి అందుతుంది?"

"ఐదు వారాలు. బురద కాలం కదా, ఆరనుకో. ఏం?"

"రెండు వారాల్లో చేర్చే దారి లేదా?"

"గుర్రానికి రెక్కలు కట్టినా చేరదు. ఏమైందే? ఆ మొహమేంటి?"

"నిజం కాని మాట నా గురించి," అంది టేసీ.

మహ్లన్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల మీద కూలబడ్డాడు. "నా చేత్తో రాశానే," అన్నాడు. "మేకుల కింద రాశానే! ఒక్క ముక్క చెప్పకూడదటే నాకు?"

"నాకే ఎవరూ చెప్పలేదు, నీకేం చెప్పను?"

నెలసభ రోజు పొద్దున మంచు కరుగుతోంది. సభామందిరం గేటు దగ్గర రూబెన్ కొత్త టోపీ పెట్టుకుని, ఇద్దరు కూతుళ్ళనీ చెరోవైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టేసీ పిల్లల్ని లోపలికి పంపింది.

"రూబెన్, ఈ రోజు నీ పక్కన నిలబడలేను."

రూబెన్ ఆమె మొహంలోకి చూశాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నిలబడితే అబద్ధమవుతుంది. నీకు ముందే చెప్పాల్సింది, నాకే ఇప్పుడు తెలిసింది. నన్ను తిట్టు, పడతాను."

"మూడో బల్లేనా?" అన్నాడు రూబెన్.

టేసీ ఉలిక్కిపడింది.

"మిల్లువాణ్ణి, గుడ్డివాణ్ణి కాదు. చల్లబడిపోతుందిలే అనుకున్నాను." అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పిల్లలు నీకోసం మేజోళ్ళు అల్లారు. వాళ్ళకేం చెప్పాలో చూసుకుంటాను, నువ్వెళ్ళు."

టేసీ లోపలికొచ్చింది. ఆడవాళ్ళ వైపు తిరగలేదు. బూడిదరంగు శాలువా గట్టిగా చుట్టుకుని, తెరిచి ఉన్న మధ్య తలుపుల్లోంచి మగవాళ్ళ వైపు నడిచింది. టోపీలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. పెద్దల బల్ల మీద నుంచి డెబోరా, మౌనం సంగతి మర్చిపోయి, "టేసీ! దారి తప్పావు!" అంది.

"తప్పలేదు, డెబోరా," అని టేసీ మూడో బల్ల దగ్గరికి వెళ్ళి ఎలిషా చోట కూర్చుంది.

ఈనాక్ అప్రయత్నంగా అవతలికి జరిగాడు. నూట ఇరవై మందిలో ఒక్కరూ దగ్గలేదు. టేసీకి ముందు వెచ్చదనం ఒకటే తెలిసింది, నడుము దాకా, భుజాల దాకా. తర్వాత తన వెనక ఎవరో ఊపిరి పీల్చి బిగబట్టినట్టయింది. అప్పుడు మాట వచ్చింది. మూడేళ్ళు ఆలస్యంగా, లోపల్నుంచి.

"ఇక్కడ ఒక పత్రం చదివారు," అంది కూర్చునే. "అభ్యంతరముందా అని అడిగారు. నాకుంది. ఎలిషా కట్టుబడి ఉన్నాడు. నేనూ కట్టుబడి ఉన్నాను."

"సభలో మాట్లాడేవాళ్ళు లేచి మాట్లాడాలి," అన్నాడు లేఖరి, పాపం అతనికి అంతకన్నా ఏం తోచక.

"నేను లేస్తే అతను లేస్తాడు," అంది టేసీ.

అందరికీ అర్థమైంది. డెబోరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి రూబెన్ లేచాడు. "ఈ రోజు టేసీ పక్కన నిలబడి ఒక మాట చెప్పాల్సింది. ఆ మాట లేదు. ఆమెని అక్కడే కూర్చోనివ్వండి," అని కూర్చున్నాడు. నేను చాలా సభలు చూశాను, అంత కష్టపడి లేచిన మనిషిని చూడలేదు.

సభ ముగిసే వేళయింది. పెద్దలిద్దరు చేతులు కలిపితే సభ అయిపోయినట్టు. కలిపారు. టేసీ లేవబోయింది. ఈనాక్ జేబుగడియారం తీసి, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"కదలకు పిల్లా! అక్కడ పొద్దు మనకంటే ఇంచుమించు అరగంట వెనక. వాళ్ళ సభ ఇంకా నడుస్తోంది."

టేసీ మళ్ళీ కూర్చుంది. లేచినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మహ్లన్ ముందు కూర్చున్నాడు. తర్వాత డెబోరా. తర్వాత ఇళ్ళల్లో వంటలు మాడతాయని తెలిసినా అందరం కూర్చున్నాం. ఈనాక్ గడియారం మూత పెట్టి "ఇక చాలు" అనేదాకా ఎవరం కదల్లేదు.

మర్నాడు బల్ల వెచ్చగానే ఉంది. ఆ వారమంతా, ఆ నెలంతా అలాగే ఉంది. ఐదో నెలలో ఉత్తరం వచ్చింది. పైన మహ్లన్ పేరు లేదు, టేసీ పేరుంది.

"టేసీ, పత్రం కోటు జేబులో పెట్టుకుని వెళ్ళాను. లేఖరి నా పేరు పిలిచాడు. లేవబోతే లేవలేకపోయాను. ఎవరో నా ఒళ్ళో గట్టిగా కూర్చున్నారు. బూడిద సబ్బు వాసన, చీపురుగడ్డి వాసన వేసింది. మళ్ళీ పిలిచాడు. ఇందులో ఒక మాట నిజం కాదు, ఇవ్వలేను అన్నాను. అయితే నిజమైనది తెచ్చుకో అన్నారు. నేను రెండు గదుల ఇల్లు కట్టాను. కిటికీకి అద్దం లేదు, నూనె కాగితం అంటించాను. వాగవతల పెద్ద మేపుల్ చెట్లున్నాయి. అవి మాకంటే ముందు నుంచీ ఈ నేల మీద ఉన్న లెనాపే వాళ్ళవి. వసంతంలో ఒక ముసలామె వచ్చి వాటి దగ్గర కాసేపు నిలబడి వెళ్తుంది. ఆ చెట్ల మీద నేను గొడ్డలి పెట్టలేదు. ఇవన్నీ నీకు మొదటి ఏడే రాయాల్సింది, మేకుల గురించి రాస్తూ కూర్చున్నాను. నువ్వు లేచి ఎన్నాళ్ళయిందో గానీ నా ఒళ్ళింకా బరువుగానే ఉంది."

ఎనిమిదో నెలలో బళ్ళతో పాటు ఎలిషా వచ్చాడు. సన్నబడ్డాడు, ఎండకి నల్లబడ్డాడు. మొదటి రోజు వచ్చి తన చోట తనే కూర్చుంటే ఈనాక్ గొణిగాడు, "కాస్త ఇటు జరుగు నాయనా, నా తుంటి అలవాటుపడిపోయింది" అని. పెళ్ళయింది. లేఖరి కొత్త పత్రం ఒక్కటే రాశాడు, ఇద్దరికీ కలిపి. తొమ్మిదో నెలలో బండెక్కారు.

మందిరం ఊడ్చే పని మహ్లన్ తీసుకున్నాడు. దుకాణంలో ఎంతమందికైనా చెప్పి చేయించగలడు, కానీ తీసుకున్నాడు. ఇప్పుడు రెండు చోట్లు వెచ్చగా ఉండేవి. కిటికీ పక్క మూడో బల్ల, ఆడవాళ్ళ వైపు పొయ్యి పక్క రెండో బల్ల. పదకొండో నెలలో ఒక ఏడో రోజు మధ్యాహ్నం, ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, చెల్లెలి చోట ఒక్క నిమిషం కూర్చుని, గభాల్న లేచి చీపురందుకున్నాడు. చూసిందెవరంటే నేను. ఎవరికీ చెప్పలేదు.

పన్నెండో నెల మొదట్లో ఒక పూట అరచెయ్యి పెడితే రెండు బల్లలూ చల్లగా ఉన్నాయి. మహ్లన్ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. పొడిగా ఉంది. "చేరారు!" అని పైకే అన్నాడు. ఈనాక్‌కి చెప్తే, "నా తుంటి గతేం కాను?" అని ముసలాయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మొదటి నెలాఖర్లో టేసీ ఉత్తరం వచ్చింది. పత్రం ఇచ్చాం, చదివారు, చేర్చుకున్నారు. కిటికీకి అద్దం వచ్చింది. చిన్న మేకులు ఇంకో పీపా పంపు. అన్నీ రాసి, కింద ఇంకో ముక్క రాసింది.

"అన్నయ్యా, పదకొండో నెలలో ఒక ఏడో రోజు మధ్యాహ్నం నేను పిండి కలుపుతుంటే ఎవరో నా ఒళ్ళో అలా కూర్చుని ఇలా లేచిపోయారు. ఇనప మేకుల వాసన వేసింది. నేను పిండి చేతులతో అలాగే ఉండిపోయాను, మళ్ళీ వస్తావేమోనని. ఇంకాసేపు కూర్చోవాల్సింది."

ఆ ఉత్తరం వచ్చిన వారం ఏడో రోజు ఊడవడం అయ్యాక మహ్లన్ చెల్లెలి చోట కూర్చున్నాడు. కిటికీల్లో వెలుతురు పోయేదాకా కూర్చున్నాడు. బల్ల చల్లగానే ఉంది.